ఉంగరం లేని మరపు: శకుంతల కథ, అల్జీమర్స్ కథనాలు

వ్యాససంగ్రహం

మరపును ఇతివృత్తానికి కేంద్రంగా నిలిపిన భారతీయ కృతుల్లో అభిజ్ఞానశాకుంతలం అగ్రగణ్యం. అందులో మరపునకు ఒక కారణం ఉంది, ఒక విరుగుడు ఉంది. అల్జీమర్స్ వ్యాధి తెచ్చే మరపునకు విరుగుడు లేదు. అయినా ఈ వ్యాధిని వస్తువుగా స్వీకరించిన కథనాలు చాలావరకు 'గుర్తుపట్టడం' అనే ఘట్టం చుట్టూనే తిరుగుతున్నాయి. నన్నయ, కాళిదాసుల శకుంతల కథలను ఆధారంగా చేసుకొని ఆలిస్ మన్రో కథను, కొన్ని చలనచిత్రాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గుర్తుపట్టడాన్ని మనిషితనానికి గీటురాయిగా నిలిపే కథనాలు రోగిని దుష్యంతుడి స్థానంలో, కుటుంబాన్ని శకుంతల స్థానంలో నిలబెడుతున్నాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అల్జీమర్స్, స్మృతి, అభిజ్ఞానం, శకుంతలోపాఖ్యానం, ఆలిస్ మన్రో, అస్తు, దృష్టికోణం

1. ఉపోద్ఘాతం

భరతుడు చెప్పిన 33 వ్యభిచారిభావాలలో స్మృతి ఉంది, మతి ఉంది, మోహం, జడత, ఉన్మాదం, వ్యాధి ఉన్నాయి. విస్మృతి లేదు. అపస్మారం ఉంది గాని, వ్యుత్పత్తిని బట్టి అది స్మృతి తొలగడమే అయినా, నాట్యశాస్త్రం దానికి చెప్పిన కారణాలను, అనుభావాలను చూస్తే అది మూర్ఛవ్యాధి అని తెలుస్తుంది. ఈ లోపం యాదృచ్ఛికం కాకపోవచ్చు. స్మరించేవాడికి తాను స్మరిస్తున్నానన్న ఎరుక ఉంటుంది. ఆ ఎరుక కనుబొమల్లో, నిట్టూర్పులో, తల కదలికలో బయటపడుతుంది. మరిచినవాడికి తాను మరిచానన్న ఎరుక ఉండదు. ఎరుక లేనిచోట నటుడు అభినయించవలసింది ఏమిటి? మరపు ఎదుటివాడి ముఖంలోనే కనబడుతుంది. మరచిపోబడినవాడి విషాదం, దైన్యం, అమర్షం ద్వారానే ప్రేక్షకుడికి అది అందుతుంది. ఈ చిన్న విషయాన్ని ఇక్కడే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆధునిక కథకులను ఇబ్బంది పెట్టినదీ ఇదే.

తెలుగులో వ్యవహారపదం 'మతిమరుపు'. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిన యువకుడికీ, కన్నకూతురి పేరు తట్టని వృద్ధుడికీ అదే మాట. తెలుగు తెరమీద ఈ మాట ఎక్కువగా హాస్యానికే పనికివచ్చింది. 2015లో వచ్చిన 'భలే భలే మగాడివోయ్' అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. అక్కడి మరపు దృష్టి చెదరడం వల్ల కలిగే పరధ్యానం మాత్రమే. డిమెన్షియాకు సమానార్థకంగా ఆరోగ్య రచనల్లో కనిపించే 'చిత్తవైకల్యం' అనే మాటకు పిచ్చి అన్న ఛాయ అంటుకొని ఉంది కాబట్టి ఏ కుటుంబమూ దాన్ని తనంతట తాను వాడదు. 'పెద్దాయనకు చాదస్తం' అంటారు, 'మతి నిలవడం లేదు' అంటారు. భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. దానికి ప్రధాన కారణం అల్జీమర్స్. ఇన్ని ఇళ్లలో ఉన్న అనుభవానికి భాషలో సరైన పేరు కుదరకపోతే, కథ ఏ మూసలోకి ఒదుగుతుందన్నది సాహిత్యవిమర్శ అడగవలసిన ప్రశ్న.

2. నటించిన మరపు, శాపం తెచ్చిన మరపు

తెలుగు పాఠకుడికి శకుంతల కథ రెండు దారుల్లో చేరింది. ఒకటి నన్నయ ఆదిపర్వంలోని ఉపాఖ్యానం; రెండవది కాళిదాస నాటకం, దానికి వీరేశలింగం మొదలైనవారి అనువాదాలు. ఈ రెండు మూలాలనూ కలుపుకొని పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగార శాకుంతలాన్ని సంతరించాడు.

నన్నయ కథలో మరపు లేదు. దుష్యంతుడు అంతా ఎరిగి ఉండే, ఎరుగనట్లు మాట్లాడతాడు. శాపమూ లేదు, ఉంగరమూ లేదు. ఉన్నది లోకాపవాద భయం. అశరీరవాణి పలికిన తరువాత, తనకు ముందే తెలుసునని రాజే ఒప్పుకుంటాడు. శకుంతల సభలో చేసే ధర్మప్రసంగమంతా ఈ కారణంగానే అర్థవంతమవుతుంది: ఆమె అడుగుతున్నది జ్ఞాపకాన్ని కాదు, సత్యాన్ని. ఎదుటివాడికి తెలుసునన్న నమ్మకంతోనే ఆమె వాదిస్తుంది.

కాళిదాసు ఆ అబద్ధాన్ని మరపుగా మార్చాడు. నాలుగవ అంకం ఆరంభంలోని విష్కంభంలో దుర్వాసుడి శాపం వినబడుతుంది. విన్నది అనసూయా ప్రియంవదలు, ప్రేక్షకులు. శకుంతలకు తెలియదు. రాజుకూ తెలియదు. ధీరోదాత్త నాయకుడి శీలాన్ని కాపాడడానికి చేసిన మార్పుగా విమర్శకులు దీన్ని వివరించారు. అది నిజమే గాని, ఈ మార్పుతో మరపునకు వచ్చిన ఆకారాన్ని కూడా గమనించాలి. దుష్యంతుడు మరచింది ఒక్క విషయాన్నే. రాజ్యం గుర్తుంది, ధర్మాసనం గుర్తుంది, విదూషకుడు గుర్తున్నాడు. మరపునకు హద్దు గీసి ఉంది. ఆ హద్దుకు తాళం వేసినవాడు శాపంలోనే తాళంచెవిని కూడా ఇచ్చాడు. ఆరవ అంకంలో జాలరి చేతిలో ఉంగరం కనబడగానే జ్ఞాపకం ఎక్కడ ఆగిందో అక్కడినుంచి, ఏ నష్టమూ లేకుండా, తిరిగివస్తుంది. ఏడవ అంకంలో మారీచుడు శాపవృత్తాంతం చెప్పి రాజును నిర్దోషిని చేస్తాడు.

శాస్త్రగ్రంథాల్లోనూ స్మృతి చెడడానికి నైతికమైన కారణమే తరచుగా కనిపిస్తుంది. భగవద్గీత రెండవ అధ్యాయంలోని పతనక్రమంలో స్మృతిభ్రంశం క్రోధ సమ్మోహాల ఫలితం. చరకుడు ప్రజ్ఞాపరాధాన్ని వివరిస్తూ ధీ, ధృతులతోపాటు స్మృతి భ్రష్టం కావడాన్ని చెప్పాడు. ఎక్కడో ఎవరో తప్పు చేస్తేనే మరపు వస్తుందన్న ఊహ ఈ సంప్రదాయంలో లోతుగా ఉంది.

3. కారణం తెలియని వ్యాధి

1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో ఆగస్టే డేటర్ అనే 51 ఏళ్ల స్త్రీ చేరింది. అలోయిస్ అల్జీమర్ ఆమెను ప్రశ్నలడిగి, సమాధానాలను ఉన్నవి ఉన్నట్లు రాసుకున్నాడు. పేరు రాయమంటే ఆమె పూర్తిచేయలేకపోయింది. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించాక మెదడును పరీక్షించి, నాడీకణాల మధ్య పేరుకున్న ఫలకాలను, కణాలలోపలి చిక్కులను గుర్తించి, ఆ నవంబరులో ట్యూబింగెన్ సభలో వివరించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు.

సాహిత్య విద్యార్థికి ఆ రోగచరిత్రలో ఒక వివరం ముఖ్యం. అల్జీమర్ నమోదు చేసిన తొలి లక్షణం మరపు కాదు. భర్త మీద ఆమెకు కలిగిన అనుమానం, ఈర్ష్య. మరపు ఆ తరువాత వచ్చింది. ఆ అనుమానానికి ఆధారం ఉందా అన్నది వైద్యుడికి అవసరమైన ప్రశ్న కాదు. రోగలక్షణాల పట్టికలో చేరిన క్షణాన ఆమె మాట సాక్ష్యంగా చెల్లకుండా పోయింది. దాదాపు వందేళ్ల తరువాత ఒక కథ ఆ ప్రశ్నను మరో వైపునుంచి అడిగింది.

4. గ్రాంట్ అనుమానం

కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో 'ది బేర్ కేమ్ ఓవర్ ది మౌంటెన్' 1999 డిసెంబరులో 'న్యూయార్కర్' పత్రికలో వెలువడి, 2001లో కథాసంపుటిలో చేరింది. దీన్నే 2006లో సారా పోలీ 'అవే ఫ్రమ్ హర్' పేరుతో చిత్రించింది. ఫియోనాకు 70 ఏళ్లు. భర్త గ్రాంట్ విశ్రాంత ఆచార్యుడు. వంటింటి సొరుగుల మీద పసుపు చీటీలు అంటించుకోవడంతో మొదలై, దారి తప్పడం దాకా వచ్చాక, ఆమె మెడోలేక్ అనే సంరక్షణాలయంలో చేరుతుంది. మొదటి 30 రోజులు ఎవరూ చూడరాదన్నది అక్కడి నియమం. ఆ గడువు దాటి పూలతో వెళ్లిన భర్తను ఆమె కొత్తగా వచ్చినవాడిలా మర్యాదగా పలకరిస్తుంది. ఆమె మనసంతా ఆబ్రీ అనే మరో రోగి మీద, అతని పేకాట మీద ఉంది.

ఇంతవరకు ఇది శకుంతల సభాఘట్టమే. స్త్రీ పురుషుల స్థానాలు మారాయంతే. మన్రో ప్రతిభ తరువాతి మలుపులో ఉంది. ఆమె కథను గ్రాంట్ దృష్టికోణం నుంచి చెప్పింది, ఆ దృష్టికోణాన్ని మాత్రం నమ్మలేదు. గ్రాంట్ అధ్యాపకుడిగా ఉన్నకాలంలో విద్యార్థినులతోనూ ఇతర స్త్రీలతోనూ సంబంధాలు నడిపినవాడు. ఆ గతాన్ని అతను తలచుకునే తీరులో తనకు అనుకూలమైన సవరింపులు కనిపిస్తాయి: కాలం అటువంటిది, భార్యను విడిచిపెట్టలేదు కదా, ఎవరికీ పెద్దగా అన్యాయం జరగలేదు కదా. అతనిది జ్ఞాపకశక్తి చెక్కుచెదరని మనిషి చేసే మరపు. అందుకే భార్య తనను గుర్తుపట్టనప్పుడు అతనికి కలిగే మొదటి ఊహల్లో ఒకటి, ఇది పరిహాసమేమో, ఆమె నటిస్తోందేమో అని. వ్యాధి తొలిరోజుల్లోనూ అతనికి ఆమె ఏదో ఆట ఆడుతున్నట్లే తోస్తుంది.

నన్నయ శకుంతలకు ఉన్న నమ్మకం ఇదే కదా: ఎదుటివాడు ఎరిగే ఎరుగనట్లున్నాడు. శకుంతల విషయంలో ఆ నమ్మకం సత్యం. గ్రాంట్ విషయంలో అది నేరస్థుడి భయం. నటించిన మరపు తానే ఒకప్పుడు చేసినవాడు కాబట్టి, వ్యాధి తెచ్చిన మరపులోనూ అతనికి నటన, నటనలో ప్రతీకారం కనిపిస్తాయి. ఈ ఊహకు కథలో రుజువు లేదు, ఖండనా లేదు. మన్రో ఆ సందు మూయలేదు. ఆగస్టే డేటర్ భర్త పట్ల చూపిన ఈర్ష్య రోగచరిత్రలో లక్షణంగా మిగిలింది. ఇక్కడ భర్త తప్పు నిజం, భార్య ఒక్కమాటా అనదు.

డబ్బు ఇబ్బందితో ఆబ్రీని అతని భార్య మారియన్ ఇంటికి తీసుకుపోతుంది. ఫియోనా కుంగిపోతుంది. అప్పుడు గ్రాంట్ ఆబ్రీని తిరిగి ఫియోనా దగ్గరకు తేవడానికి మారియన్ చుట్టూ తిరుగుతాడు. దీన్ని ప్రాయశ్చిత్తంగా చదివిన పాఠకులున్నారు. అంత సులభంగా ఒప్పుకోలేం. మారియన్‌తో అతని వ్యవహారంలో పాత గ్రాంటే తొంగిచూస్తాడు. త్యాగమూ అలవాటూ ఒకే చర్యలో కలిసిపోయి ఉన్నాయి.

చివరి దృశ్యంలో అతను ఆబ్రీని తీసుకువస్తాడు. ఫియోనాకు ఆబ్రీ పేరు తట్టదు. గుర్తుపట్టేది గ్రాంట్‌నే. కౌగిలించుకుంటుంది. అభిజ్ఞానం సిద్ధించింది, ఉంగరం లేకుండానే. కానీ ఎటువంటి సమయంలో? ఆమె కోరిన మనిషిని తలుపు అవతల నిలబెట్టి వచ్చిన క్షణాన. రేపటికి ఈ గుర్తు నిలుస్తుందన్న భరోసా కథలో ఎక్కడా లేదు. కాళిదాసు ఏడవ అంకంలో గుర్తుపట్టడం కథను ముగించగలిగింది. మన్రో కథలో అది కథ ఆగిన చోట తటస్థపడిన ఒక మధ్యాహ్నపు సంఘటన మాత్రమే.

5. సభలో ప్రశ్నలు

ఐదవ అంకంలో శకుంతల వేలికి ఉంగరం లేదని తెలిశాక, మరో గుర్తు చెబుతుంది. దీర్ఘాపాంగమనే జింకపిల్ల రాజు చేతినుంచి నీళ్లు తాగలేదు, తన చేతినుంచి తాగింది, అప్పుడు మీరు నవ్వారు అని. రాజు దాన్ని స్త్రీల సహజమైన నేర్పుగా కొట్టిపారేస్తాడు. ఆ ఘట్టంలో పాఠకుడి మనసంతా శకుంతల పక్షాన ఉంటుంది, ఉండాలి కూడా.

అల్జీమర్స్ సోకిన ఇంటిలో ఈ ఘట్టం రోజూ జరుగుతుంది. 'నేనెవరో చెప్పు', 'ఈ ఫొటోలో ఉన్నదెవరు', 'నీకెంతమంది మనవలు'. ప్రేమతో అడిగేవే ఇవి. అయినా వీటి రూపం విచారణ రూపం. సమాధానం రానప్పుడు 'నన్నే మరిచిపోయింది' అన్న మాట వెలువడుతుంది. ఆ వాక్యంలో కర్త రోగి, క్రియ మరవడం, బాధితుడు మాట్లాడుతున్నవాడు. వ్యాకరణమే రోగిని దుష్యంతుణ్ణి చేస్తోంది. వ్యాధి మెదడులో కొత్త జ్ఞాపకాలను అల్లే ప్రాంతాలను ముందుగా దెబ్బతీస్తుంది కాబట్టి, కూతురు మరుగునపడి ఎప్పుడో చనిపోయిన తల్లి ఎదుట నిలవడం ఈ వ్యాధి నడిచే తీరులో భాగం. కూతురిని ప్రేమించకపోవడంతో దానికి సంబంధం లేదు. ఈ సంగతి వైద్యుడు చెప్పగలడు. సభాఘట్టపు మూసలో పెరిగిన మనసుకు అది అంత తేలికగా ఎక్కదు.

భారతీయ చిత్రాలు ఈ మూసతో రకరకాలుగా పెనుగులాడాయి. బ్లెస్సీ దర్శకత్వంలో 2005లో వచ్చిన మలయాళ చిత్రం 'తన్మాత్ర' ప్రభుత్వోద్యోగి రమేశన్ నాయర్ క్షీణతను మోహన్‌లాల్ నటనతో నిలబెట్టింది. వ్యాధి తొలిదశలోని తడబాటును ఆ చిత్రం పట్టుకున్నంత సూక్ష్మంగా పట్టుకున్న ప్రధానస్రవంతి చిత్రాలు తక్కువ. కానీ కొడుకును ఐఏఎస్‌గా చూడాలన్న తండ్రి ఆశ చిత్రానికి రెండవ వెన్నెముక. తండ్రిలో పోయింది కొడుకులో నెరవేరుతుందన్న ఊరట ప్రేక్షకుడికి అందుతుంది. పోయిన ఉంగరానికి బదులు మరో ఉంగరం చేయించడం వంటిదే ఇది. మోహన్‌లాల్ నటన ఆ ఊరటకు లొంగలేదన్నది వేరే సంగతి.

హేమంత్ రావు 2016 కన్నడ చిత్రం 'గోధి బణ్ణ సాధారణ మైకట్టు' పేరులోనే ఒక విమర్శ ఉంది. గోధుమ రంగు, సాధారణమైన దేహం: ఇది తప్పిపోయినవారి ప్రకటనల భాష. తప్పిపోయిన తండ్రి వెంకోబరావును వెదకుతూ కొడుకు శివ, ఆనవాళ్లు అడిగిన ప్రతిచోటా తనకు తండ్రి గురించి ఈ రెండు మాటలకు మించి తెలియదని తెలుసుకుంటాడు. మరచినవాడు కొడుకన్నమాట. స్థానాలను తారుమారు చేసిన ఈ ఊహ చిత్రానికి ప్రాణం. నేరకథ ఉపకథగా చేరి నిడివిలో పెద్దవాటా తినేయకపోతే ఆ ఊహ ఇంకా దూరం వెళ్లేది. తమిళంలో ఇదే కథ 2018లో 'అరవదు వయదు మానిఱమ్'గా వచ్చింది.

ఫ్లోరియాన్ జెల్లర్ 'ది ఫాదర్' మరో దారి పట్టింది. 2012 నాటి తన ఫ్రెంచి నాటకాన్ని 2020లో చిత్రంగా మలచినప్పుడు, అతను ప్రేక్షకుణ్ణే రోగి తలలో కూర్చోబెట్టాడు. ఇంటి సామాను దృశ్యం దృశ్యానికి మారుతుంది. కూతురి పాత్రలో ఉన్నట్టుండి మరో నటి ఎదురవుతుంది. భరతుడి పట్టికలో చోటు దొరకని మరపునకు ఇక్కడ అభినయం కాక రంగసజ్జ, కూర్పు ఆధారమయ్యాయి. ఆంథనీ తన చేతిగడియారం కోసం పదేపదే వెదుకుతాడు, పనిమనిషి దొంగిలించిందంటాడు; అది అతను దాచుకున్నచోటే దొరుకుతుంది. ఆ దొరకడంతో ఏదీ తిరిగిరాదు. కాళిదాసు ఉంగరానికి ఇంతకన్న కఠినమైన సమాధానం ఆధునిక నాటకంలో అరుదు. అయితే ప్రేక్షకుడు ఈ చిత్రంలో అనుభవించేది రోగి భయాన్నే. రోగికి మిగిలి ఉండే ఇతర భావాలకు జెల్లర్ తక్కువ చోటు ఇచ్చాడు.

6. హంసపదిక పాట

ఐదవ అంకం శకుంతల రాకతో మొదలుకాదు. సంగీతశాలలో హంసపదిక పాడుతున్న పాట వినబడుతుంది. ఇష్టజన విరహం ఏదీ లేకున్నా తన మనసు ఎందుకు ఇంతగా కలత చెందుతున్నదని రాజు ఆశ్చర్యపడి, అందమైనవి చూసి, మధురమైనవి విని సుఖంలో ఉన్నవాడు కూడా తపించడం, తనకే తెలియకుండా పూర్వజన్మ స్నేహాలను తలచుకోవడమేమోనని ఊహిస్తాడు. ఈ శ్లోకాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు, ఇక్కడ స్మృతిగా చెప్పబడినది తార్కికులకు తెలిసిన స్మృతి కాదన్నాడు. ముందు అనుభవించిన ఫలానా వస్తువు అన్న విషయం దానికి లేదు కనుక.

తెలుగు విమర్శలో ఈ ఘట్టాన్ని సాధారణంగా రాబోయే కథకు సూచనగా, అప్రస్తుతప్రశంస అందంగా వివరించి వదిలేస్తారు. అల్జీమర్స్ కథనాల పక్కన పెట్టి చూస్తే దీని విలువ పెరుగుతుంది. విషయం పోయాక కూడా భావం ఉండగలదని కాళిదాసు చెబుతున్నాడు. శాపం శకుంతలను తుడిచివేసింది గాని, శకుంతల వల్ల కలిగిన తపనను తుడవలేదు. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ రోగులకు విషాద, సంతోష దృశ్యాలు చూపి పరీక్షించారు. చూసిన దృశ్యాలు రోగులకు గుర్తులేవు. అవి కలిగించిన దుఃఖమూ సంతోషమూ మాత్రం దృశ్యం మరచిన తరువాతా నిలిచి ఉన్నాయి. నిన్న వచ్చి చేయి పట్టుకు కూర్చున్న కొడుకు తండ్రికి ఈరోజు గుర్తులేకపోవచ్చు. అంతమాత్రాన ఆ రాక వృథా అయిందనడానికి వీల్లేదు. నిన్న ఎవరో కసిరిన సంగతీ అంతే. రెండవ వాక్యమే ఎక్కువ ఆలోచించవలసింది.

'గుర్తుపట్టడం లేదు కదా, వెళ్లి ఏం లాభం' అన్న మాట సంరక్షణాలయాల విషయంలో, దూరదేశాల్లో ఉన్న పిల్లల విషయంలో తరచుగా వినవస్తుంది. అభిజ్ఞానం ఉంటేనే సంబంధం ఉన్నట్లన్న నాటకీయ సూత్రం జీవితంలోకి దిగిన రూపమిది. కాళిదాసు నాటకాన్నే సాక్ష్యంగా నిలిపి ఈ సూత్రాన్ని ప్రశ్నించవచ్చు: అదే అంకంలో, శకుంతల ఇంకా సభలోకి రాకముందే, సంబంధం రాజు గుండెలో పేరు లేకుండా కదిలింది.

సుమిత్రా భావే, సునీల్ సుక్‌థన్‌కర్‌ల మరాఠీ చిత్రం 'అస్తు' ఈ వెలుతురులో విశేషంగా కనబడుతుంది. 2013 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో దీనికి సంభాషణలకు, సహాయనటి అమృతా సుభాష్‌కు పురస్కారాలు దక్కాయి. మోహన్ ఆగాశే పోషించిన చక్రపాణి శాస్త్రి సంస్కృత పండితుడు. కూతురు ఇరా కారులో కూర్చోబెట్టి వెళ్లిన కాసేపట్లో వీధిలో ఏనుగును చూసి, దాని వెంట నడిచిపోతాడు. ఏనుగును తిప్పి బతికే పేదవాడి ఇంటికి చేరతాడు. సగం చిత్రం కూతురి వెదకులాట. దాని అపరాధభావం, వాదనలు పరిచితమైనవే, కొన్నిచోట్ల సంభాషణ ఉపన్యాసానికి దగ్గరవుతుంది. రెండవ సగం మావటివాని భార్య చన్నమ్మది. ఆమెకు ఈ వృద్ధుడి పేరు తెలియదు, పాండిత్యం తెలియదు, అతను పోగొట్టుకున్నది ఎంతో తెలియదు. కాబట్టి అతన్ని పాత చక్రపాణి శాస్త్రితో పోల్చి నిట్టూర్చే అవకాశం ఆమెకు లేదు. అతను ఆమెలో అమ్మను చూస్తే, ఆమె కాదనదు. తన పిల్లలతోపాటు అన్నం పెడుతుంది. నీవెవరన్న ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ ప్రశ్నను అక్కడితో వదిలేసి, ఆకలిగా ఉందేమోనని చూస్తుంది.

కుటుంబం ఇలా ఉండగలదా? ఇరాకు నలభై ఏళ్ల తండ్రి గుర్తున్నాడు. చన్నమ్మకు ఒక్కరోజు వృద్ధుడే తెలుసు. జ్ఞాపకం బరువు లేనందువల్లే చన్నమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ దయ ఒక రాత్రికి సరిపోతుంది, పదేళ్ల సంరక్షణకు సరిపోతుందో లేదో చిత్రం చెప్పదు. సంస్కృతంలో 'అస్తు' అంటే 'అట్లే కానీ' అని. ఆ మాట చన్నమ్మకు ఎవరూ నేర్పలేదు. నేర్చిన పండితుడు దాన్ని మరచిపోయాడు. మధ్యలో నిలిచిన ఇరాకే అది ఇంకా నోట రావలసి ఉంది.